పడవని తొట్టి అనను

పోయిన వారం ఈ శీర్షికలో నన్ను నేను సాక్షి కుర్చీలో కూర్చోబెట్టి వదిలేశాను. ఇంకా అందులోనే ఉన్నాను. నైరోబీలో సాక్షి కుర్చీకి మెత్త వేస్తారు. సుఖంగా కూర్చున్నవాడు ఎక్కువ వాగుతాడని కాబోలు.

ఇప్పుడే చదవడం మొదలుపెట్టినవాళ్లకి సంగతి క్లుప్తంగా చెప్తాను. నా పేరు ఒసేవే. సరస్సు ఒడ్డున రాచార్ మా ఊరు. నా భార్య అడేరో. ఊళ్లో ఎవరూ ఆమెని ఆ పేరుతో పిలవలేదు. న్యార్ ఉయోమా అనేవారు, ఉయోమా పిల్ల అని. మా దగ్గర కోడళ్లని పుట్టినూరి పేరుతోనే పిలుస్తారు. చచ్చేదాకా నువ్వు పరాయిదానివే అని చెప్పడానికి ఇంతకంటే మర్యాదైన పద్ధతి ఎవరూ కనిపెట్టలేదు.

ఒమేనా చిటికెన వేలంత చేప. మగవాళ్లు పడతారు, ఆడవాళ్లు ఎండబెడతారు. సరస్సు మీద నుంచి వాన చెప్పాపెట్టకుండా వస్తుంది. ఎండుతున్న చేపని చేతులతో ఎత్తుకునేలోపు తడిసిపోతుంది. తడిసినదాన్ని కోళ్ల దాణాకి తప్ప ఎవరూ అడగరు. అందుకని అడేరో ఒక మంచె కట్టింది. వాలుగా కట్టింది. దాని మీద వల బిగించిన తడక వేసింది. తడక కింది అంచుని పాత వల తాళ్లతో తిరిగేలా కట్టింది. పై అంచుకి ఒక తాడు. చినుకు పడగానే తాడు లాగితే తడక లేస్తుంది, చేపంతా జారి కిందకి పోతుంది. కింద మా నాన్న పాత పడవ, చేప జారేంత సందు వదిలి దాని మీద రేకు. అంతే.

ఆమె పోయింది. తర్వాత ఒక కంపెనీ వచ్చి ఆ మంచెకి పేటెంటు తెచ్చుకుంది. మా తీరం మీద అలాంటి మంచెలన్నీ పీకేయాలంది. ఆ పేటెంటు కొట్టేయమని నేను అర్జీ పెట్టాను. కంపెనీ దరఖాస్తు కన్నా ముందే అడేరో మంచె నిలబడి ఉందని చేపల శాఖ గుమాస్తా వచ్చి చెప్పాడు. కంపెనీ కాదనలేదు. కాదనాల్సిన అవసరం లేదని నాకు తర్వాత అర్థమైంది.

నా తరఫు వకీలు ముతేవు అనే అమ్మాయి. నన్ను బాబాయ్ అంటుంది. విచారణకి ముందు నన్ను కూర్చోబెట్టి చెప్పింది.

"పేటెంటంటే వస్తువు కాదు బాబాయ్. ఒక వాక్యం. ఆ వాక్యాన్ని ముక్కలు చేస్తారు. ప్రతి ముక్కనీ పిన్ని మంచె పక్కన పెట్టి చూస్తారు. అన్ని ముక్కలూ అక్కడ దొరికితే వాళ్లది కొత్తది కాదు. ఒక్క ముక్క దొరక్కపోయినా వాళ్లదే గెలుపు."

"ఒక్కటి తగ్గితే?"

"ఒక్కటి తగ్గితే పిన్ని చేసింది వేరు, వాళ్లు చేసింది వేరు."

కంపెనీ వకీలు కరీతి. మెత్తని మనిషి. కుర్చీ లాగేటప్పుడు కూడా చప్పుడు చేయడు. అలాంటివాళ్లని నేను నమ్మను. పడవలో కూడా చప్పుడు చేయని చెక్కే ముందు పుచ్చుతుంది.

"పెద్దాయన గారూ," అన్నాడు, "తొందరేం లేదు. ఒక్కో ముక్కే చూద్దాం. మొదటిది, వాలుగా నిలిపిన చట్రం. మీ ఆవిడ గారి మంచె వాలుగా ఉండేదా?"

"వాలు లేకపోతే చేప ఎటు జారుద్ది? నీ కోటు మీదకా?"

వెనక బెంచీల మీద ఎవరో నవ్వారు. విచారణ జరిపే గుయో మేడమ్ నవ్వలేదు. ఉత్తరాది మనిషి, ఎండిన ముఖం, తలకి నల్ల ముసుగు. ఆమె ముందు వాక్యం ముక్కలుగా రాసిన కాగితం ఉంది. మొదటి ముక్క పక్కన గీత పెట్టింది.

"రెండోది. చట్రానికి ఒక అంచున తిరిగేలా కలిపిన తడక. దేనితో కలిపారు?"

"వల తాళ్లతో."

"మడతబందులు లేవు?"

"ఇనప బందులు కొనుక్కునే తాహతు ఉంటే చేపలెందుకు ఎండబెడతాం?"

ముతేవు లేచింది. "మేడమ్, వాక్యంలో బందులన్న మాట లేదు. తిరిగేలా కలిపిన, అని మాత్రమే ఉంది. వాళ్లే రాసుకున్నారు."

గుయో మేడమ్ నన్ను అడిగింది. "తాడు లాగితే తడక తిరిగేదా?"

"తిరిగేది."

ఇంకో గీత. మూడోది తాడు. దాని మీద తగాదా లేదు. తాడు ఏ దేశంలోనైనా తాడే.

కరీతి గ్లాసులో నీళ్లు పోసుకున్నాడు. తాగలేదు.

"నాలుగోది. తడక కింది అంచు దగ్గర, పైన కప్పు ఉన్న తొట్టి. మీ మంచె కింద ఏముండేదండీ?"

"అకోకో."

"అంటే?"

"మా నాన్న పడవ."

"ఓహో, పడవ. తొట్టి కాదన్నమాట."

"తొట్టేంటి? తొట్లో గొడ్లు తాగుతాయి. అకోకో పడవ."

ముతేవు పెన్ను కింద పెట్టడం కనిపించింది. ఆమె చూపు నా మీద ఉంది. ఆ చూపుకి అర్థం కూడా తెలిసింది. తెలిసినా ఆగలేదు.

అకోకో మా నాయనమ్మ పేరు. మా నాన్న పడవ చేయించి ఆమె పేరు పెట్టాడు. పడవని వడ్రంగి ఇంటి నుంచి కొత్త పెళ్లికూతుర్ని తెచ్చినట్టు తెచ్చాం. నీళ్లలో దించే ముందు మేకని కోశాం. ముసలివాళ్లు దాని మొహం మీద కల్లు చిలకరించి, మా పిల్లల్ని ముంచకు తల్లీ అన్నారు. ముంచలేదు. అడుగు పుచ్చి ఇక తేలలేనప్పుడు దాన్ని ఒడ్డుకి లాగి, మా ఇంటి ముందు ఉంచాం. మా దగ్గర చచ్చిన పడవని చీల్చి పొయ్యిలో పెట్టరు. దాని మానాన అది మట్టిలో కలవాలి. పడవ నీళ్లలో ఉన్నా, ఒడ్డున ఉన్నా, పుచ్చినా, మునిగినా పడవే. దాన్ని తొట్టి అనడమంటే మా నాయనమ్మని తొట్టి అనడమే. కరీతికి ఇదంతా ఎవరో ముందే చెప్పి ఉంటారు. లేకపోతే అంత నెమ్మదిగా అడగడు.

"మీరు ప్రమాణం చేసి చెప్తున్నారు, అవునా? అది తొట్టి కాదు."

"కాదు."

"పోనీ, తొట్టి లాంటిది అనుకోవచ్చా?"

"నీకు అమ్మ ఉందా? అమ్మ లాంటిది ఉందా?"

"చివరిసారి అడుగుతున్నాను పెద్దాయన గారూ. దాన్ని తొట్టి అంటారా, అనరా?"

"గొంతు కోసినా పడవని తొట్టి అనను."

"ధన్యవాదాలు," అన్నాడు కరీతి. "నాకింక అడగాల్సిందేమీ లేదు."

గుయో మేడమ్ నాలుగో ముక్క పక్కన గీత పెట్టలేదు. టీ తాగి రమ్మంది.

*

వరండాలో ముతేవు గోడకి ఆనుకుని నిలబడింది. టీ తెచ్చుకోలేదు.

"నాలుగింటిలో మూడు మనవి బాబాయ్. నాలుగోది మీరే ఊడదీసి వాళ్ల చేతిలో పెట్టారు."

"అబద్ధం చెప్పమంటావా?"

"అబద్ధం ఎవరు చెప్పమన్నారు? ఆ వాక్యంలో తొట్టంటే మీ గొడ్ల తొట్టి కాదు. పైనుంచి పడినదాన్ని పట్టి ఉంచేది ఏదైనా సరే."

"అయితే ఆ మాటే రాసి చావొచ్చుగా?"

"రాయరు. మాట ఇరుగ్గా రాస్తే పక్కవాడు తప్పించుకుంటాడు. వెడల్పుగా రాస్తే పాతది ఏదో వచ్చి తగులుకుంటుంది. ఆ రెంటి మధ్యే మా బతుకు."

"మంచి బతుకే."

"మీదేం తక్కువ? అయినా గెలిస్తే మీకేం వస్తుందో గుర్తుందిగా? ఏమీ రాదు. ఆ మంచె పిన్ని పేరు మీదికి రాదు. అందరిదీ అవుతుంది."

"అందరిదీ అంటే ఆమెని వెళ్లగొట్టినవాళ్లది కూడా."

"వాళ్లది కూడా."

వాళ్లు వరండా చివర బెంచీ మీద కూర్చుని నూనెలో వేయించిన మందాజీలు తింటున్నారు. రాచార్ ఎండుచేపల సంఘం ఆడవాళ్లు. సంఘం పెద్ద మిన్ ఒపొండో, ఒపొండో వాళ్లమ్మ. వరసకి నాకు వదిన. మనిషి లావు, గొంతు అంతకంటే లావు. వాళ్ల మంచెలు కూడా పీకేస్తామన్నారు కాబట్టి వచ్చారు. వాళ్ల మంచెల కింద పడవలు లేవు, సగానికి కోసిన నూనె డ్రమ్ములు ఉన్నాయి. మిగతాదంతా అడేరో మంచే. పేటెంటు నిలబడితే మళ్లీ ఇసుకలో వలలు పరుచుకుని వానకి మొక్కుకోవాలి.

అడేరోని సంఘంలోంచి తీసేసింది ఈ మిన్ ఒపొండోనే. చచ్చిన పడవకి చేప మేపుతోంది, తీరానికి అరిష్టం అంది. పడవకి కూడు పెట్టేది అని పేరు పెట్టింది. పిల్లలు దాన్ని పాటలా పాడారు. పడవ నా ఇంటిది, నాయనమ్మ నాది. నాకు లేని అభ్యంతరం వాళ్లకొచ్చింది.

"ఏం మరిదీ," అంది మిన్ ఒపొండో, నోట్లో మందాజీ ఉండగానే. "పడవ పరువు నిలబెట్టావు. మా పొయ్యిలు ఆర్పేశావు."

"నా పొయ్యి ఎప్పుడో ఆరింది వదినా. నువ్వు చలి కాచుకోడానికి కూడా రాలేదు."

"ఒక్క మాట! తొట్టి అంటే నీ నాలుక ఊడిపోద్దా?"

"నీ నాలుక ఊడలేదుగా, కంపెనీ మాకు నేర్పిందని ప్రమాణం చేసినప్పుడు?"

ఆమె నమలడం ఆపింది. మిగతావాళ్లు కాళ్లవైపు చూసుకున్నారు. కంపెనీవాళ్లు మొదట వచ్చినప్పుడు కొత్త ఇనప జాలీ ఊరికే పంచారు. జాలీతో పాటు ఒక కాగితం కూడా ఇచ్చారు. కంపెనీ వచ్చి నేర్పిన తర్వాతే మేం మంచెలు కట్టుకున్నాం అని అందులో ఉంది. సంఘం తరఫున మిన్ ఒపొండో ప్రమాణం చేసి సంతకం పెట్టింది. ఏం రాసుందో తెలియక పెట్టిందని ఊళ్లో కొందరంటారు. ఆమె ఏడో తరగతి దాకా నా పక్క బెంచీలో చదివింది. తెలియకపోవడమేంటి?

*

లోపల కరీతి ముగింపు మాటలు మొదలుపెట్టాడు.

"మేడమ్, పెద్దాయన నిజాయితీని మెచ్చుకోవాలి. మేం ఆ పడవని గౌరవిస్తున్నాం. వాళ్ల సంప్రదాయంలో పడవ మనిషితో సమానం. ఆయన చెప్పినట్టే అది తొట్టి కాదు. కాబట్టి మా వాక్యంలో నాలుగో ముక్క పాత మంచెలో లేదు. మాది కొత్తది."

గౌరవిస్తున్నాడట. సాక్షి కుర్చీలోంచి అప్పటికే నన్ను దింపేశారు. మాట్లాడే హక్కు లేదు. అయినా లేచాను.

"గౌరవమా? మరి మీవాళ్లు దాని మొహాన ఎర్ర రంగు ఎందుకు కొట్టారు?"

"కూర్చోండి," అంది గుయో మేడమ్.

"కూర్చోను. తీరం మీద పీకేయాల్సిన మంచెలకి ఎర్ర గుర్తులు పెట్టుకుంటూ వచ్చారు ఈయన మనుషులు. డ్రమ్ములకి పెట్టారు, చెక్క పెట్టెలకి పెట్టారు. మా ఇంటి ముందుకొచ్చి అకోకో మొహాన కొట్టారు. వద్దురా, అది పడవ అన్నాను. వాళ్లలో ఒకడు నవ్వి, చేప పడితే తొట్టే తాతా అన్నాడు. ఇప్పుడు గౌరవిస్తున్నాడంట!"

కరీతి మొదటిసారి కుర్చీని చప్పుడయ్యేలా జరిపాడు.

ముతేవు నా వంక చూడలేదు. ముందున్న కాగితాల కట్ట తిరగేసింది. తమ పేటెంటుని అతిక్రమించిన మంచెలు ఇవీ అని కంపెనీవాళ్లే ఇచ్చిన ఫొటోలు. ఒకటి తీసి గుయో మేడమ్ బల్ల మీద పెట్టింది. అకోకో ముక్కు మీద నుంచి చెంప దాకా ఎర్ర గుర్తు.

"ఇది వాళ్ల ఫొటో మేడమ్. వాళ్ల రంగు. ఈ నాలుగు ముక్కలూ ఈ మంచెలో ఉన్నాయి కాబట్టి పీకేయమని వాళ్లే అన్నారు. అంటే ఇవాళ ఆ పడవ తొట్టే. అడేరో గారు కట్టిన రోజున కూడా అదే పడవ, అదే చోటు, అదే రేకు. పడవ మారలేదు. మారింది కరీతి గారి మాట. పేటెంటు తర్వాత కడితే అతిక్రమణ అయ్యేది, పేటెంటుకి ముందే ఉంటే ఆ పేటెంటుకే అడ్డం. ఒకరిని పట్టుకునేటప్పుడు మాట వెడల్పుగా, తను తప్పించుకునేటప్పుడు ఇరుగ్గా ఉండదు. మాట ఒక్కటే, కొలత ఒక్కటే."

కరీతి ఏదో అనబోయాడు. గుయో మేడమ్ చెయ్యి ఎత్తి ఆపింది. నా వైపు తిరిగింది.

"ఒసేవే గారూ, ఆ పడవని మీరు ఏమని పిలుస్తారో నాకు అనవసరం. మీ నాయనమ్మ గారికి నా నమస్కారం. నేనడిగేది వేరు. తాడు లాగితే చేప అందులో పడేదా?"

"పడేది."

"పడి నిలిచేదా?"

"నిలిచేది."

"వాన తగలకుండా కప్పు ఉండేదా?"

"ఉండేది. రేకు. మేకులు నేనే కొట్టాను."

నాలుగో ముక్క పక్కన గీత పెట్టింది.

"ఈ వాక్యానికి అది చాలు," అంది. "పాత మంచెలో నాలుగూ ఉన్నాయి. ఈ వాక్యం ఇలాగే ఉంటే నిలబడదు."

వెనక బెంచీల మీద ఆడవాళ్లు చేతులు పట్టుకున్నారు. ఎవరో దేవుణ్ణి తలుచుకున్నారు. అడేరోని ఎవరూ తలుచుకోలేదు. నాకు సంతోషం కలగలేదు. ఆకలి వేసింది. ముతేవు నా మోచెయ్యి పట్టుకుని నొక్కింది, గట్టిగా.

కరీతి వెనక్కి వంగి కంపెనీ మనిషితో గుసగుసలాడాడు. లేచి నిలబడ్డాడు. మళ్లీ మెత్తగా ఉన్నాడు.

"మేడమ్, మీరు అన్నది విన్నాం. ఈ వాక్యం ఇలాగే ఉంటే నిలబడదన్నారు. వాక్యాన్ని సవరించుకోవడానికి మాకు హక్కుంది. ఒక్క మాట కలుపుతాం."

"ఏ మాట?"

"తొట్టి అన్నచోట, పడవ కాని తొట్టి."

ముతేవు చెయ్యి నా మోచేతి మీద నుంచి జారిపోయింది.

కరీతి నావైపు తిరిగి తల వంచాడు. "పెద్దాయన గారు ప్రమాణం చేసి చెప్పిందే రాసుకుంటున్నాం. పడవ తొట్టి కాదు. ఆయన మంచె ఇక మా వాక్యంలోకి రాదు. ఆ రంగు మేమే కడిగిస్తాం. కావాలంటే పడవకి కొత్త రేకు కూడా వేయిస్తాం."

గోళీ ఆటలో పిల్లవాడు తన గీతని తనే జరుపుకున్నట్టుంది. అయినా అది చట్టమేనట. ముతేవు గబగబా నా చెవిలో చెప్పింది.

"ఇప్పుడు పిన్ని మంచెకి, వాళ్ల వాక్యానికి ఒక్క ముక్క తేడా వచ్చింది. పిన్ని మంచె బయటపడింది. డ్రమ్ములన్నీ లోపల ఇరుక్కున్నాయి. పడవ బదులు డ్రమ్ము పెట్టడం ఎవరికైనా తట్టేదే అని నేను వాదిస్తాను. కానీ తట్టేది అనడం వేరు, చేసి ఉంది అని చూపడం వేరు. అంత సులువైతే ఎవరూ ఎందుకు చేయలేదు అంటాడు. కంపెనీ దరఖాస్తుకి ముందే డ్రమ్ముతో కట్టిన మంచె ఒక్కటి ఉంటే చాలు బాబాయ్. ఈ కొత్త వాక్యం కూడా చచ్చిపోతుంది. ఉందా?"

ఉంది.

సంఘంలోంచి అడేరోని తీసేశాక నేను చేపలకని దీవుల మీదకి వెళ్లిపోయాను. ఊరి మొహం చూడబుద్ధి కాలేదు. తిరిగి వచ్చేసరికి వానలు అయిపోయాయి. అన్నం పెడుతూ ఆమె చెప్పింది. "మిన్ ఒపొండో వాళ్లు కూడా మంచెలు కట్టారు. పడవలు లేవుగా, డ్రమ్ములు కోశారు. మనదాని కంటే బాగుంది, వాసన పట్టదు. తడక ముడి తప్పు వేశారు, అది తిరగక చేపంతా నేల మీద పోస్తున్నారు. వెళ్లి సరిచేసి వచ్చాను." నవ్వుతూ చెప్పింది. ముడి వేయించుకుని మళ్లీ సంఘంలోకి రమ్మన్నారా అని అడిగాను. లేదు అంది, అదేదో చిన్న సంగతైనట్టు. కంపెనీ అప్పటికి మా తీరం పేరు కూడా విని ఉండదు.

ఇదంతా ముతేవుకి చెప్పాను.

"మీరు కళ్లతో చూశారా? వానల్లో, కంపెనీ రాకముందు?"

"లేదు. ఆమె చెప్పింది."

"చచ్చిపోయినవాళ్లు చెప్పింది మీ నోట చెల్లదు బాబాయ్. ఆ గుమాస్తా?"

"అప్పటికే బదిలీ అయిపోయాడు."

"అయితే వాళ్లే చెప్పాలి." బెంచీలవైపు చూసింది. "కానీ కంపెనీ వచ్చాకే కట్టామని ప్రమాణం చేశారు. ఇప్పుడు తిరగబడితే అబద్ధపు ప్రమాణం అవుతుంది. జైలు."

గుయో మేడమ్ గొంతు వినిపించింది. "ఒసేవే గారూ, అర్జీదారు మీరు. ఈ సవరణకి మీకు అభ్యంతరం ఉందా, లేదా?"

నాకు కళ్ల ముందు తీరం కనిపించింది. మంచెలన్నీ పీకేసిన తీరం. మధ్యలో ఒక్కటే నిలబడి ఉంది, అడేరోది. దాన్ని ముట్టుకునే హక్కు ఎవరికీ లేదు. వానొచ్చినప్పుడు మిన్ ఒపొండో ఇసుకలో వంగి చేప ఏరుకుంటూ దాన్ని చూడాలి. రోజూ చూడాలి. లేదు అని ఒక్క మాట అంటే అంతా జరిగిపోతుంది. నాకా బొమ్మ నచ్చింది. నచ్చలేదని రాస్తే అబద్ధం అవుతుంది.

లేచాను.

"మేడమ్, నా మంచెకి నష్టం లేదని ఆయనే అన్నాడు. నష్టం వాళ్లకి. అభ్యంతరం ఉంటే వాళ్లకి ఉండాలి." బెంచీలవైపు తిరిగాను. "వదినా, నీ డ్రమ్ము మంచెకి తడక ముడి ఎవరు వేశారు?"

కరీతి లేచాడు. "మేడమ్, ఆవిడ మాకు ప్రమాణ పత్రం ఇచ్చిన మనిషి!"

"తెలుసు," అంది గుయో మేడమ్. "అమ్మా, మీరు జవాబు చెప్పాలని లేదు. చెప్పదలిస్తే ఆలోచించుకుని చెప్పండి. ఇదివరకు రాసిచ్చింది తప్పని తేలితే శిక్ష ఉంటుంది."

మిన్ ఒపొండో నిలబడింది. బెంచీ కిర్రుమంది. పక్కన కూర్చున్న ఆడది ఆమె గౌను పట్టుకుని లాగింది. ఆమె ఆ చేతిని విదిలించుకుంది. గుయో మేడమ్‌ని చూడలేదు, కరీతిని చూడలేదు. నన్ను చూసింది.

"చెప్తాను మరిదీ. ఎవరు వేశారో, ఎప్పుడు వేశారో, ఆమె పేరు పెట్టి అంతా చెప్తాను. నన్ను జైల్లో వేసినా సరే." ఆ లావు గొంతు మొదటిసారి సన్నబడింది. "కానీ నువ్వు ముందు ఒక మాట అనాలి. ఇక్కడే, వీళ్లందరి ముందు. మమ్మల్ని క్షమించానని అను. అది అనకుండా నేను నోరు తెరవను. ఆమె ఒక్కనాడు నన్ను తిట్టలేదు. అది నాకు చాలదు. నువ్వు అనాలి."

గుయో మేడమ్ పెన్ను పట్టుకుని ఆగింది. ముతేవు నా చొక్కా అంచు పట్టుకుంది. సంఘం ఆడవాళ్లందరూ నా నోటివైపు చూస్తున్నారు.

ఆ ఒక్క మాట తప్ప ఆమె నన్ను ఏది అడిగినా అనేవాణ్ని.